మాగాణి మినుముకు వేరు బూజు తోడు: ‘వామ్’ ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు

సార్వా వరి కోతకు రెండు మూడు రోజుల ముందు చేలో పదును చూసి మినుము చల్లేయడం మన డెల్టా రైతుకు తాతల నాటి అలవాటు. దున్నేది లేదు, దుక్కిలో ఎరువు వేసేది లేదు, తడి పెట్టేది అంతకంటే లేదు. నేలలో మిగిలిన పదునుతో, వరికి వేసిన ఎరువుల్లో మిగిలిన సారంతో పంట రావాలి. గుడివాడ నల్లరేగడిలోనూ, బందరు చుట్టుపక్కల చేలల్లోనూ, దివిసీమలో అవనిగడ్డ, చల్లపల్లి, ఘంటసాల వైపునా ఇదే పద్ధతి.

అయితే ఒక సంగతి మీరు గమనించే ఉంటారు. వరి ఎకరానికి ముప్పై బస్తాలు దాటి పండిన చేలోనే మినుము మొలిచిన మూడు వారాల దాకా లేవదు. ఆకు చిన్నదిగా, మందమైన ఆకుపచ్చ రంగులో ఉండిపోతుంది. పక్కనే గట్టు వారన పడి మొలిచిన నాలుగు మొక్కలు మాత్రం ఏపుగా కనిపిస్తాయి. “వరికి డీఏపీ దండిగానే వేశాం కదా, ఆ భాస్వరం అంతా ఏమైంది?” అని అడిగే రైతులు ఎందరో. దీనికి పదును, చీడపీడలు, విత్తనం వంటి కారణాలు ఎన్నో ఉండొచ్చు. వాటితోపాటు నేల లోపల కంటికి కనిపించని కారణం ఒకటుంది. ఈ వారం దాని గురించి తెలుసుకుందాం.

వరికి అందిన భాస్వరం మినుముకు ఎందుకు అందదు?

భాస్వరం నత్రజనిలాంటిది కాదు. యూరియా నీటితో కలిసి పారుతుంది. భాస్వరం పడిన చోటే అతుక్కుపోతుంది. మన నల్ల నేలల్లో సున్నంతోను, ఎర్ర నేలల్లో ఇనుము, అల్యూమినియంతోను కలిసి గడ్డకడుతుంది. వేసిన భాస్వరంలో ఆ పంటకు దక్కేది నూటికి 15 నుంచి 20 వంతులే. మిగిలినదంతా నేలలోనే బిగుసుకుని ఉంటుంది.

వరి చేలో నీరు నిలిచినప్పుడు నేలకు గాలి ఆడదు. అప్పుడు ఇనుముతో బిగుసుకున్న భాస్వరం కొంత విడిపోయి వరి వేళ్లకు అందుతుంది. కోత ముందు నీళ్లు తీసేసి నేల ఆరగానే అది మళ్లీ బిగుసుకుంటుంది. సరిగ్గా ఆ సమయంలోనే మినుము మొలకెత్తుతుంది. అంటే వరికి తెరుచుకున్న కొట్టు మినుము వచ్చేసరికి మూతపడుతుందన్నమాట.

మినుము తన నత్రజనిని తానే సంపాదించుకుంటుంది. దాని వేళ్ల మీది బుడిపెల్లో ఉండే రైజోబియం గాలిలోని నత్రజనిని పట్టిస్తుంది. కానీ ఆ బుడిపెలు పనిచేయాలంటే భాస్వరం కావాలి. భాస్వరం అందకపోతే బుడిపెలూ సన్నబడతాయి. ఒక దెబ్బకు రెండు పోషకాలు కరువవుతాయి.

ఏమిటీ వేరు బూజు?

మొక్క వేరు చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర భాస్వరం త్వరగా అయిపోతుంది. దూరంగా ఉన్నది నడిచి రాదు. ఈ కొరత తీర్చడానికి ప్రకృతి చేసిన ఏర్పాటే వేరు శిలీంధ్రం. ఇది ఒక రకం మేలు చేసే బూజు. సగం వేరు లోపల, సగం మట్టిలో బతుకుతుంది. జుట్టుకంటే ఎన్నో రెట్లు సన్నని దారాలను వేరు చుట్టూ కొన్ని సెంటీమీటర్ల దూరం దాకా చాస్తుంది. వేరు దూరలేని మట్టి సందుల్లో దూరి భాస్వరాన్ని, జింకును తెచ్చి వేరుకు అప్పగిస్తుంది. బదులుగా మొక్క తన ఆకుల్లో తయారైన చక్కెరలో కొంత భాగం దానికి పెడుతుంది. ఇచ్చిపుచ్చుకునే బేరం ఇది.

1885లో జర్మనీ శాస్త్రవేత్త ఫ్రాంక్ అడవి చెట్ల వేళ్ల మీద ఈ పొత్తును చూసి ‘మైకోరైజా’ అని పేరు పెట్టాడు. బూజు, వేరు అనే రెండు గ్రీకు మాటల కలయిక అది. పంట మొక్కల్లో ఉండే రకాన్ని వెసిక్యులర్ ఆర్బస్కులర్ మైకోరైజా అంటారు. మన రైతులకు ‘వామ్’ పేరుతో పరిచయం. స్కాట్లాండ్‌లో దొరికిన నలభై కోట్ల ఏళ్ల నాటి మొక్కల శిలాజాల్లోనూ ఈ బూజు గుర్తులున్నాయి. అంటే ఇది కొత్తగా కంపెనీలు కనిపెట్టిన మందు కాదు. మొక్క నేల మీద కాలు మోపిన నాటి నుంచీ ఉన్న తోడు.

మన దేశంలోనూ దీని మీద చాలా పని జరిగింది. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆచార్యులు సి. మనోహరాచారి, బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో డి.జె. బాగ్యరాజ్ దశాబ్దాల పాటు ఈ శిలీంధ్రాలను పరిశోధించారు. మిరప నారుకు ముందే వామ్ పట్టిస్తే నాటిన తరవాత పెరుగుదల, దిగుబడి మెరుగై భాస్వరం ఎరువు ఆదా అవుతుందని బెంగళూరు శాస్త్రవేత్తలు 1982లోనే ప్రచురించారు.

ఫాస్ఫోబాక్టీరియాకూ దీనికీ తేడా ఉంది. ఫాస్ఫోబాక్టీరియా బిగుసుకున్న భాస్వరాన్ని కరిగిస్తుంది. వామ్ కరిగినదాన్ని మోసుకొస్తుంది. ఒకటి తాళం తీసేది, రెండోది బస్తా మోసేది. రెండూ కలిపి వాడుకోవచ్చు.

నీళ్లు నిలిచిన చేలో బూజు ఏమవుతుంది?

మాగాణి రైతుకు అసలు కీలకం ఇక్కడే ఉంది. ఈ శిలీంధ్రానికి రెండు కావాలి. ఒకటి గాలి, రెండు బతికున్న వేరు. వేరు లేకుండా ఇది పెరగలేదు. నాలుగు నెలలు నీళ్లు నిలిచిన చేలో దానికి గాలి కరువు. వరి వేళ్ల మీద చాలా తక్కువగానే పడుతుంది. అంచేత కోత అయ్యేసరికి చేలో వామ్ పలచబడి ఉంటుంది. ఆ తరవాత చల్లిన మినుముకు తోడు దొరకడానికి కొన్ని వారాలు పడుతుంది. గట్టు మీద ఎప్పుడూ గడ్డి వేళ్లుంటాయి, నీళ్లు నిలవవు. గట్టు వారన మొక్కలు ఏపుగా ఉండటానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ఇది మన ఒక్కరి కష్టమే కాదు. 1993లో అమెరికా మధ్య రాష్ట్రాల్లో మిసిసిపీ నది వరదలకు లక్షల ఎకరాలు మునిగాయి. మరుసటి ఏడు ఆ చేలల్లో వేసిన మొక్కజొన్న గిడసబారి, ఆకులు ఊదారంగుకు తిరిగాయి. అవి భాస్వరం లోపం గుర్తులు. వెతికితే వేళ్లకు బూజు పట్టలేదని తేలింది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ నల్ల నేలలు మన రేగడిలాంటివే. అక్కడ ఏడాదికి పైగా చేను బీడు పెట్టి తరవాత పైరు వేస్తే ఎదుగుదల ఆగిపోయేది. వేరు లేక శిలీంధ్రం నశించడమే కారణమని 1987లో థాంప్సన్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. ఒక చోట నీరు, ఇంకొక చోట బీడు. మన మాగాణిలో రెండూ ఉన్నాయి: సార్వాలో నీరు, వేసవిలో బీడు.

మూడు ప్రాంతాలు, మూడు రకాల నేలలు

గుడివాడ వైపు బరువు నేలలు: ఇక్కడ భాస్వరం నేలలో ఉండీ అందకపోవడమే సమస్య. ముందు భూసార పరీక్ష చేయించండి. భాస్వరం ‘ఎక్కువ’ అని వస్తే ఏటా డీఏపీ గుమ్మరించడం మానండి. భాస్వరం మితిమీరితే మొక్క బూజుకు తిండి పెట్టడం మానేస్తుంది, బూజు వేరుకు పట్టదు. పైగా జింకు లోపం ముదురుతుంది.

బందరు తీరం: ఇక్కడ ఉప్పుదే పెత్తనం. వామ్ పట్టిన మొక్క ఉప్పును కొంత మెరుగ్గా తట్టుకుంటుంది. అంతమాత్రాన వామ్ చౌడుకు మందు కాదు. పాలచౌడు అయితే మంచినీరు నిలగట్టి, కడిగి, మురుగు కోడులోకి తీయాలి. కారుచౌడు అయితే పరీక్ష చేయించి జిప్సం వేయాలి. మురుగు పోయే దారి లేని చేలో ఎన్ని కవర్లు చల్లినా ఖర్చే మిగులుతుంది. మినుము ఉప్పును తట్టుకోలేని పైరు కాబట్టి బాగా చౌడు ఉన్న చేలో అసలు మినుమే వేయొద్దు. చౌడును తట్టుకునే వరి రకాల కోసం మచిలీపట్నం వ్యవసాయ పరిశోధన స్థానం వారిని అడగండి.

దివిసీమ: కృష్ణ రెండు పాయల నడుమ ఒండ్రు ఉంది, బరువు నేల ఉంది, సముద్రం వైపు నాగాయలంక, కోడూరు మండలాల్లో ఇసుక, చౌడు ఉన్నాయి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఉప్పునీటిని ఎంత లోపలికి తెచ్చిందో పెద్దలకు తెలుసు. ఇసుక నేలల్లో సారం తక్కువ, వేసిన ఎరువు నిలవదు. వామ్ అవసరం ఎక్కువగా ఉండేది ఇలాంటి చోటే. సరుగుడు, కొబ్బరి, వేరుశనగ, కూరగాయలు వేసేవారు తప్పక ప్రయత్నించాలి. బూజు దారాలు ఇసుక రేణువులను పట్టి ఉంచడానికీ తోడ్పడతాయి.

ఏ పైరుకు వాడాలి, దేనికి వాడకూడదు?

బాగా పనికొచ్చేవి: మినుము, పెసర, వేరుశనగ, మొక్కజొన్న, మిరప, వంగ, టమాటా, ఉల్లి, పసుపు, అరటి, కొబ్బరి, మామిడి, సరుగుడు.

పనికిరానివి: క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవాలు, తోటకూర, పాలకూర. ఈ కుటుంబాల వేళ్లకు ఈ బూజు సరిగా పట్టదు. వీటికి వామ్ కొనడం వృథా.

వరి సంగతి: నీళ్లు నిలిపి పండించే ఊడ్పు చేలో చల్లితే పెద్దగా ప్రయోజనం ఉండదు. మెట్ట నారుమడిలో, పొడి దుక్కిలో వెదజల్లే వరిలో, ఆరుతడి పద్ధతిలో కొంత పనిచేస్తుంది. కాబట్టి సార్వా ఊడ్పు చేను కోసం డబ్బు పెట్టొద్దు. ఆ డబ్బు మినుముకు, కూరగాయల నారుకు పెట్టండి.

వాడే పద్ధతి

ఒక్క సూత్రం గుర్తుంటే చాలు. బూజు మొలిచే వేరుకు తగలాలి. పైపైన చల్లితే ఎండకు పోతుంది.

కూరగాయలు, మిరప నారుమడి: చదరపు మీటరుకు 100 గ్రాముల వామ్ మిశ్రమాన్ని రెండు మూడు సెంటీమీటర్ల లోతున పరిచి, పైన మట్టి కప్పి విత్తనం వేయాలి. ఎండతో మట్టి శుద్ధి చేసిన నారుమడిలో చెడు బూజుతోపాటు మంచి బూజూ పోతుంది. అక్కడ వామ్ బాగా ఉపయోగపడుతుంది. అతి తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం వచ్చేది నారుమడిలోనే.

సంచుల్లో పెంచే మొక్కలు: సంచికి 5 నుంచి 10 గ్రాములు. తోటలో నాటేటప్పుడు గుంతకు 20 గ్రాములు. ఎదిగిన చెట్టుకు 200 గ్రాములు, పీచు వేళ్లున్న చోట పాదు తవ్వి వేయాలి.

మాగాణి మినుము: వరి చేలో చల్లే విత్తనం మట్టి పైనే పడుతుంది కాబట్టి వామ్ విత్తనానికి పట్టి ఉండటమే మేలు. మెత్తటి పొడి రకం తీసుకుని, కాచి చల్లార్చిన పలచటి బెల్లం నీటితో విత్తనం తడిపి, రైజోబియంతోపాటు పట్టించి, నీడన ఆరబెట్టి, అదే రోజు చల్లాలి. మోతాదు కవరు మీద ఉన్న ప్రకారం వాడండి. మిషను కోత తరవాత గొర్రుతో వరసల్లో విత్తేవారు గుళికల రకాన్ని చివికిన పశువుల ఎరువులో కలిపి సాళ్లలో వేసుకోవచ్చు.

మందులతో జాగ్రత్త: కార్బెండజిమ్ వంటి శిలీంధ్రనాశకాలు మంచి బూజును కూడా చంపుతాయి. అలాంటి మందు పట్టించిన విత్తనానికి వామ్ పట్టించకండి. వేయదలిస్తే మట్టిలో వేయండి. ఎండు తెగులు బెడద ఉన్న చేలో మాత్రం విత్తనశుద్ధి మానొద్దు.

మీరే తయారు చేసుకోవచ్చు

వామ్‌ను రైజోబియంలా డబ్బాలో పెంచలేం, వేరు మీదే పెంచాలి. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పిన పద్ధతి రైతు ఇంటి దొడ్లో కూడా చేయదగ్గది.

మీటరు పొడవు, మీటరు వెడల్పు, అడుగు లోతు గుంత తీసి నల్ల పాలిథిన్ పరచండి. 50 కిలోల వెర్మిక్యులైట్, 5 కిలోల శుద్ధి చేసిన మట్టి కలిపి 20 సెంటీమీటర్ల ఎత్తు నింపండి. నమ్మకమైన చోట తెచ్చిన మూల వామ్ ఒక కిలోను పై నుంచి రెండు నుంచి అయిదు సెంటీమీటర్ల లోతున పరచండి. శుద్ధి చేసిన మొక్కజొన్న గింజలు విత్తండి. విత్తేటప్పుడు 2 గ్రాముల యూరియా, 2 గ్రాముల సూపర్ ఫాస్ఫేటు, ఒక గ్రాము పొటాష్ చాలు. తరవాత 30వ రోజు, 45వ రోజు పదేసి గ్రాముల యూరియా ఇవ్వండి. 60 రోజులకు మొక్కలను మొదలంటా కోసి, వేళ్లు తీసి ముక్కలుగా తరిగి ఆ మట్టిలోనే కలిపేయండి. సుమారు 55 కిలోల మిశ్రమం వస్తుంది. ఇది 550 చదరపు మీటర్ల నారుమడికి సరిపోతుంది. నలుగురైదుగురు రైతులు కలిసి ఒక గుంత వేసుకుంటే చాలు.

కొనేటప్పుడు మోసపోకండి

జీవన ఎరువులు 2006లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వచ్చాయి. తరవాత మైకోరైజానూ అందులో చేర్చారు. కాబట్టి కవరు మీద తయారీదారు పేరు, తయారీ తేదీ, గడువు తేదీ, గ్రాముకు ఎన్ని సజీవ కణాలున్నాయో తప్పక ఉండాలి. అవి లేని సంచిని ముట్టుకోకండి. బిల్లు తీసుకోండి. ఎండలో పెట్టిన సరుకు, ఎరువుల బస్తాల మీద పడేసిన సరుకు వద్దు.

ఇంకో మాట. “మా మందు వాడితే వేళ్ల మీద తెల్లని దారాలు కనపడతాయి చూడండి” అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. వామ్ కంటికి కనిపించదు. వేరును ప్రయోగశాలలో ఉడికించి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూస్తేనే తెలుస్తుంది. మొక్క మొదట్లో తెల్లని బూజు, ఆవగింజల్లాంటి గోధుమ రంగు గింజలు కనిపిస్తే అది మేలు చేసే బూజు కాదు, మొదలు కుళ్లు తెగులు. రెంటినీ కలగలపకండి.

పైసా ఖర్చు లేని పద్ధతులు

కొనే వామ్ కంటే మీ నేలలో ఉన్న బూజును బతికించుకోవడం మేలు. అది మీ నేలకు అలవాటుపడినది.

మినుము తీశాక వేసవిలో చేను బోడిగా వదలకండి. పదును ఉంటే పిల్లిపెసర చల్లండి. పశువులకు మేత, నేలకు పచ్చిరొట్ట, బూజుకు బతికున్న వేరు, మూడూ దక్కుతాయి. రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయంలో తొలకరికి ముందే నవధాన్యాలు చల్లించడం వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే, నేలలో ఎప్పుడూ ఏదో ఒక వేరు బతికి ఉండాలని.

గడ్డి తగలబెట్టకండి. వరిలో వీలైన చోట తడిపి ఆరబెట్టే పద్ధతి పాటించండి. గట్ల మీద గడ్డిని మందు కొట్టి మాడ్చకండి, కోసి పశువులకు వేయండి. ఆ గట్టే మీ చేనుకు బూజు విత్తనాల కొట్టు.

వామ్ ఎరువు కాదు

చివరగా ఒక లెక్క. టన్ను ధాన్యం పండితే గింజ, గడ్డి కలిపి ఎరువు లెక్కలో సుమారు 6, 7 కిలోల భాస్వరం నేల నుంచి పోతుంది. 75 కిలోల బస్తాలు 33 పండితే రెండున్నర టన్నులు. అంటే దాదాపు 16 కిలోలు. డీఏపీ బస్తాలో ఉండేది 23 కిలోలు. వామ్ కొత్తగా భాస్వరాన్ని పుట్టించదు, నేలలో ఉన్నదాన్ని తోడి ఇస్తుంది. తీసుకున్నది ఏదో రూపంలో తిరిగి ఇవ్వకుండా ఏటా తోడుకుంటూ పోతే మీ పిల్లల కాలానికి బావి ఎండిపోతుంది. కాబట్టి పశువుల ఎరువు, పచ్చిరొట్ట వేయాలి, గడ్డిని తిరిగి నేలకు ఇవ్వాలి, పరీక్ష ప్రకారం రసాయన ఎరువు కూడా వేయాలి. వామ్ వాడిన తోటల్లో భాస్వరం ఒక్కసారిగా మానేయకుండా మొదటి ఏడు పావు వంతు తగ్గించి చూడండి.

మీ చేలోనే పరీక్షించండి

మా మాటా వద్దు, డీలరు మాటా వద్దు. ఈ ఏడు ఒకే చెక్కలో పది సెంట్లు వామ్ పట్టించిన మినుము, పక్కనే పది సెంట్లు పట్టించనిది, ఒకే విత్తనం, ఒకే రోజు చల్లండి. 25వ రోజు రెండు వైపులా పదేసి మొక్కలు వేళ్లతో సహా మెల్లగా తవ్వి తీసి బుడిపెలు లెక్కపెట్టండి. లోపల ఎర్రగా ఉన్నవే పనిచేసే బుడిపెలు. నూర్చాక రెండూ విడివిడిగా తూకం వేయండి. తేడా వామ్ ఖర్చుకు మించి ఉంటే వచ్చే ఏడు ఎకరమంతా వేసుకోండి. లేదంటే ఆ డబ్బు మురుగు బోదె తవ్వించడానికి పెట్టండి.

పైరు మరీ వెనకబడితే ఈలోగా రెండు శాతం యూరియా లేదా డీఏపీ ద్రావణం, అంటే లీటరు నీటికి 20 గ్రాములు, పైన పిచికారీ చేసి కాపాడుకోండి. భూసార పరీక్ష మట్టి నమూనాలు వేసవిలో చేలు ఖాళీగా ఉన్నప్పుడే తీసి మీ రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి. మినుములో మరిన్ని సందేహాలుంటే ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలను కలవండి.